అడ్రసు మనది, పేరు మాత్రం ఇంకొకరి దయా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, కాఫీ పెట్టుకుని కూర్చోండి. తెలుగులో తప్పులు దొర్లితే ఎప్పటిలాగే క్షమించండి. నేను చదివింది తమిళ మీడియం అని మీకు తెలుసు. నాది ఇంట్లో వచ్చిన నోటి తెలుగు, అక్షరాలు తరవాత వచ్చాయి.

పోయిన బుధవారం మన సంఘం గ్రూపులో కార్యవర్గం ఒక తీర్మానం ముసాయిదా పెట్టింది. ఆదివారం సర్వసభ్య సమావేశంలో దాన్ని ఓటుకి పెడతారట. మూడు ముక్కల్లో విషయం ఇది: సంఘం సొంత మెయిల్ సర్వరు తీసెయ్యాలి, దాని కోసం కడుతున్న లైనూ ఐపీ నంబర్లూ రద్దు చెయ్యాలి, ఇకమీదట నోటీసులన్నీ వాట్సాప్‌లోనే. కారణం ఒక్క వాక్యంలో రాశారు: "సర్వరు పాతబడి సరిగా పనిచెయ్యడం లేదు."

ఆ వాక్యం అబద్ధం. కావాలని ఆడిన అబద్ధం అనను. తెలుసుకోకుండా రాసిన అబద్ధం. సర్వరు పాడవలేదు. మన ఉత్తరం మీద పంపినవాళ్ళ స్టేషను పేరు లేదు, అంతే. ఆ పేరు రాసే హక్కు మన చేతిలో లేదు. ఉన్నవాడు రాయడం లేదు. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేస్తున్నాం.

ముందు జరిగింది చెప్తాను. మన సంఘం ప్రతి ఏడూ పిల్లల చదువుకి సాయం చేస్తుంది. పోయిన ఏడాది దరఖాస్తు ఫారం మెయిల్లో పంపాం. డ్రైవరు పని చేసే మన సభ్యుడొకాయన ఉన్నారు, పేరు రాయను. కూతురు పీయూసీ మంచి మార్కులతో పాసై ఇంజనీరింగులో చేరింది. ఆయనకి ఆ మెయిల్ అందలేదు. గడువు అయిపోయాక ఎవరో చెప్తే తెలిసింది. మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. "అన్నా, బీదవాళ్ళమనే కదా మాకు చెప్పలేదు?" అన్నాడు. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో పనిచేశాను, పార్టీలు కౌంటరు మీద గుద్ది అరిచిన రోజులు చాలా ఉన్నాయి. ఏదీ ఇంత తగల్లేదు.

"పంపాం తమ్ముడూ, నీ పేరు లిస్టులో ఉంది" అన్నాను. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? పంపినట్టు మన దగ్గర రుజువుంది, అందినట్టు ఆయన దగ్గర లేదు.

ఆ రాత్రే సర్వరు లాగు తెరిచి, పాత గూడ్స్ ఆఫీసులో లెడ్జరు చూసినట్టు వరస తప్పకుండా చూశాను. జీమెయిల్ అడ్రసులున్న ప్రతి సభ్యుడి దగ్గర అదే సమాధానం: 550, దాని పక్కన 5.7.25. ఇంగ్లీషులో ఉన్న సంగతి తెలుగులో ఇది: మీ ఐపీ అడ్రసుకి పీటీఆర్ రికార్డు లేదు, లేదా ఉన్న పేరు తిరిగి ఆ అడ్రసుకి సరిపోవడం లేదు, కాబట్టి మీ ఉత్తరం తీసుకోం. ఉత్తరం స్పామ్ డబ్బాలో కూడా పడలేదు. గుమ్మంలోనే తిప్పి పంపేశారు.

ఇది ఉన్నట్టుండి ఎందుకు మొదలైంది? గూగుల్ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టింది: జీమెయిల్‌కి ఉత్తరం పంపే ప్రతివాడికీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, అడ్రసు నుంచి పేరుకీ పేరు నుంచి అడ్రసుకీ రెండు వైపులా లెక్క సరిపోవాలి. రోజుకి అయిదు వేల పైన పంపేవాళ్ళకి ఇంకా కొన్ని షరతులున్నాయి, అవి మనకక్కర్లేదు. ఈ మొదటిది మాత్రం అందరికీ.

కొందరు గూగుల్‌ని తిడుతున్నారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. గేటు దగ్గర టికెట్టు అడిగేవాణ్ణి తిడితే ఏం లాభం? దొంగ ఉత్తరాలు ఏ స్థాయిలో వస్తున్నాయో మీ ఫోన్లు చూసుకుంటే మీకే తెలుస్తుంది. అడగడం న్యాయమే. నా కోపమంతా టికెట్టు అమ్మాల్సిన కౌంటరు మూసి లోపల కూర్చున్నవాడి మీద.

ఇప్పుడు ఈ పీటీఆర్ అంటే ఏమిటో చెప్పాలి. నాకు మా మేనల్లుడు చెప్పాడు, వాడు వైట్‌ఫీల్డులో డేటా సెంటర్లో పనిచేస్తాడు. వాడు చెప్పినట్టు చెప్తే మీకు అర్థం కాదు, మొదట నాకూ కాలేదు. నా మాటల్లో చెప్తాను.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది. మనుషులకి నంబర్లు గుర్తుండవు కాబట్టి పేర్లు పెట్టుకున్నాం. పేరు ఇస్తే నంబరు చెప్పే పుస్తకం పేరు డీఎన్‌ఎస్. పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన 1983లో దాన్ని రూపొందించాడు. అంతకుముందు పేర్లన్నీ ఒకే ఒక ఫైల్లో ఉండేవి, అందరూ దాని నకలు తెచ్చుకునేవాళ్ళు. పేరు నుంచి నంబరుకి పోవడం ముందువైపు దారి. నంబరు ఇచ్చి "ఇది ఎవరిది?" అని అడగడం వెనక్కి దారి. ఆ వెనక్కి దారిలో జవాబు చెప్పే చీటీనే పీటీఆర్.

తమిళ మీడియంలో చదివినవాడికి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం. త, ద కూడా అంతే. గాంధీ అని రాసినా కాంతి అని రాసినా కాగితం మీద ఒకటే. నోటి నుంచి కాగితానికి పోవడం సులువు. కాగితం నుంచి నోటికి తిరిగి రావాలంటే ఎవరి గురించి రాశారో ముందే తెలిసుండాలి. మా నాన్న జోలార్‌పేటలో గ్యాంగ్‌మన్. బళ్ళో నా పేరు తమిళ రిజిస్టర్లో రాశారు, కొత్త టీచరు వచ్చినప్పుడల్లా నాకు కొత్త పేరు వచ్చేది. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఇలాగే, తమిళ అంబులిమామ పక్కన తెలుగు చందమామ పెట్టుకుని. రెండిట్లోనూ బొమ్మలు అవే, కథలు అవే. ఒకవైపు తెలిసింది కాబట్టి రెండో వైపు సరిచూసుకున్నాను. ఈ సరిచూసుకోవడమే గూగుల్ అడుగుతున్నది.

రైల్వేవాళ్ళకి ఇంకా సులువుగా చెప్తాను. గూడ్స్ షెడ్డుకి వేగన్ వస్తుంది. లోపల సరుకుంది, సీలుంది, కానీ లేబులు ఊడిపోయింది, ఇన్వాయిస్ రాలేదు. దాన్ని అన్‌కనెక్టెడ్ వేగన్ అంటారు. సరుకు ఎంత మంచిదైనా కాగితం కలిసేదాకా దించి ఎవరికీ ఇవ్వం. అప్పుడు ఏం చేస్తాం? వేగన్ నంబరు చూస్తాం. పదకొండు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వేగన్ రకం, తరవాతి రెండూ ఏ రైల్వే సొంతమో, ఆ తరవాత రెండూ తయారైన సంవత్సరం, నాలుగు వరస నంబరు, చివరి అంకె తప్పు పట్టుకోవడానికి. నంబరు నుంచి సొంతదారు దాకా పోవచ్చు. తరవాత బయల్దేరిన స్టేషనుకి మెసేజి పెట్టి, "ఈ నంబరు మీరు లోడు చేశారా?" అని అడుగుతాం. వాళ్ళు అవునంటేనే రెండు కొసలూ కలిసినట్టు. మన మెయిల్ ఇవాళ అన్‌కనెక్టెడ్ వేగన్. సరుకు బాగానే ఉంది, మేం దించుకోం అంటున్నారు.

రెండు కొసలూ ఎందుకు కలవాలి అంటారా? ఒక్క వెనక్కి చీటీని నమ్మితే మోసమే. తన నంబర్ల మీద అధికారం ఉన్నవాడు అందులో ఏ పేరైనా రాసుకోవచ్చు. నా నంబరు ఎదురుగా ఒక పెద్ద బ్యాంకు పేరు రాస్తే ఆపేవాడు లేడు. కానీ ఆ బ్యాంకు పుస్తకంలో నా నంబరు ఉండదు కదా, అక్కడ దొరికిపోతాను. అందుకే అడ్రసు నుంచి పేరు, ఆ పేరు నుంచి మళ్ళీ అదే అడ్రసు. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు నెల పట్టింది. మన ప్రొవైడరు హెల్ప్‌డెస్కుకి నాలుగు నెలలైనా కాలేదు.

ఆ నాలుగు నెలల కథ వినండి. ప్రొవైడరు పేరు రాయను. మన దగ్గర కడుతున్న డబ్బుకి ఎనిమిది నంబర్ల కట్ట ఇచ్చారు. అసలు నంబర్లు ఇక్కడ పెట్టడం మంచిది కాదు కాబట్టి, పుస్తకాల్లో ఉదాహరణల కోసమే విడిచిపెట్టిన నంబర్లు వాడతాను: 203.0.113.40 నుంచి 203.0.113.47 దాకా. ఎనిమిది అని పేరే. మొదటిది కట్టకి గుర్తు, చివరిది అందరికీ ఒకేసారి వినిపించడానికి, ఇంకొకటి వాళ్ళ రూటరు తీసుకుంటుంది. మనకి మిగిలేది అయిదు. మన మెయిల్ సర్వరు 42లో ఉందనుకోండి.

మొదటి ఫోను. "మా నంబరుకి రివర్స్ పేరు పెట్టండి సార్" అంటే, "డొమైన్ ఎక్కడ కొన్నారో అక్కడ అడగండి" అన్నారు. అమాయకుణ్ణి కదా, అడిగాను. డొమైన్ అమ్మినవాళ్ళు మర్యాదగా చెప్పారు: పేరు మాది, నంబరు మాది కాదు, నంబరు ఎవరిచ్చారో వాళ్ళనే అడగాలి. మళ్ళీ ప్రొవైడరు. "సాఫ్ట్‌వేర్ సమస్య సార్, మీ సర్వరు వాళ్ళతో మాట్లాడండి." సర్వరు వాణ్ణి నేనే. అప్పుడు మేనల్లుడు వచ్చి ల్యాప్‌టాప్‌లో 'డిగ్ -ఎక్స్' అని కొట్టి చూపించాడు. "మామా, చూడు. ఈ నంబర్ల పుస్తకం ఎవరి చేతిలో ఉందో ఇక్కడే రాసుంది. నువ్వు ఫోను చేస్తున్నది సరైన వాళ్ళకే. కాకపోతే ఆ పుస్తకం తమ దగ్గరుందని ఫోను ఎత్తినవాడికి తెలీదు."

ఇక్కడ కాస్త లోపలికి పోవాలి. ఆదివారం ఎవరైనా లేచి "ఇది మన చేతిలో పని కాదు" అంటే, ఎవరి చేతిలో పనో మీరు చెప్పగలగాలి.

పేర్లు చిన్న నుంచి పెద్దకి పోతాయి. మెయిల్.ఎగ్జాంపుల్.ఆర్గ్ అంటే ముందు యంత్రం, తరవాత సంస్థ, చివర ఆర్గ్. పోస్టు కవరు మీద ఇంటి నంబరు ముందు, ఊరు తరవాత రాసినట్టు. నంబర్లు దానికి తలకిందులు, పెద్ద నుంచి చిన్నకి. 203 పెద్ద ఇలాకా, చివర 42 మన గది. కాబట్టి నంబరుని పేరుగా మార్చాలంటే తిరగేసి రాయాలి: 42.113.0.203.ఇన్-ఆడర్.ఆర్పా. ఈ పద్ధతి 1987 నాటి ప్రమాణ పత్రంలోనే ఉంది, కొత్త వింత కాదు. ఇప్పుడు కుడివైపు నుంచి చదవండి. పైన ఆర్పా. దాని కింద 203 ఇలాకా బ్రిస్బేన్‌లో ఉన్న ఏప్‌నిక్ అనే ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ చేతిలో. దాని కింద భారతదేశంలో నంబర్లు పంచే ఇరిన్ అనే విభాగం ఉంది, 2003లో పెట్టిన నిక్సీ కింద నడుస్తుంది. వాళ్ళ నుంచి ప్రొవైడర్లు కట్టలు కట్టలుగా తీసుకుంటారు. తీసుకున్న కట్టతో పాటే దాని వెనక్కి పుస్తకం కూడా వాళ్ళ చేతికొస్తుంది. బోర్డు, జోన్, డివిజన్, స్టేషను, అంతే. మన ఉత్తరం డివిజన్ ఆఫీసులో ఇరుక్కుపోయింది.

ఇబ్బంది ఎక్కడంటే ఆ పుస్తకాన్ని చుక్క దగ్గరే విడగొట్టగలం. చుక్కకీ చుక్కకీ మధ్య 256 నంబర్లు. 256 పూర్తిగా తీసుకున్నవాడికి తన పుస్తకం తనకే ఇస్తారు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఎనిమిది తీసుకున్నవాడికి చుక్క లేదు. మనలాంటి ముప్పై రెండు మంది ఒకే పేజీలో కాపురం. పేజీ ప్రొవైడరుది. పెద్దవాడికి హక్కుగా వచ్చేది చిన్నవాడికి దయగా వస్తుంది. నా పోట్లాటంతా దీని మీదే.

"టెక్నికల్‌గా కుదరదు సార్" అని మూడో నెలలో ఒకాయన అన్నాడు. ఆయన హోదా పెద్దది, గొంతు కూడా. కుదరదు అన్న మాట వింటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మండుతుంది. ఎందుకు కుదరదు? 1998 మార్చిలోనే దీనికి దారి రాసిపెట్టారు, ఆర్ఎఫ్‌సీ 2317 అని. ముగ్గురు రాశారు, వాళ్ళలో పాల్ విక్సీ కూడా ఉన్నాడు. చుక్క లేని చిన్న కట్టలకి కూడా పుస్తకం అప్పజెప్పే పద్ధతి అది. ప్రొవైడరు చెయ్యాల్సింది ఇంతే: తన పేజీలో "40-47" అని ఒక కొత్త ఉపపుస్తకం తెరిచి, అది ఫలానా రెండు సర్వర్లలో ఉంది అని రెండు లైన్లు రాయాలి. తరవాత ఎనిమిది నంబర్లకీ ఒక్కో లైను, "42 గురించి అడిగేవాళ్ళు ఆ ఉపపుస్తకంలో 42 చూడండి" అని. మొత్తం పది లైన్లు, జీవితంలో ఒక్కసారి. ఆ తరవాత మన పేర్లు మనం రాసుకుంటాం, మార్చుకుంటాం, వాళ్ళకి ఫోను చెయ్యం. పది లైన్లకి నాలుగు నెలలు. మేం ఒక రేకు నిండా వచ్చిన వేగన్లకి ఒక్క షిఫ్టులో అంతకన్నా ఎక్కువ రాసేవాళ్ళం, అదీ కార్బన్ పేపరు పెట్టి.

ఇక్కడ మేనల్లుడికీ నాకూ వాదన జరిగింది, అది దాచను. వాడంటాడు, "మామా, నీకు ఒక్క మెయిల్ సర్వరే ఉంది. పుస్తకం అప్పజెప్పమని ఎందుకు పట్టుబడతావు? 42కి ఒక్క పీటీఆర్ వాళ్ళనే రాసెయ్యమను, అయిపోయె. సొంత పుస్తకం అంటే రెండు సర్వర్లు ఇరవైనాలుగ్గంటలూ మేలుకొని ఉండాలి, ఒకటి పడుకుంటే ఇంకోటి జవాబు చెప్పాలి. నీకెందుకీ తలనొప్పి?" వాడి మాట సగం నిజం. ఒక్క సర్వరుకి ఒక్క లైను చాలు. వాళ్ళు అడిగిన వారంలో అది రాసుంటే ఈ పోస్టే ఉండేది కాదు. కానీ ఒక్క లైను కూడా రాయనివాడి దగ్గర ప్రతి మార్పుకీ మళ్ళీ క్యూలో నిలబడమంటే నా వల్ల కాదు. పోయిన ఏడు సర్వరు మార్చాం, వచ్చే ఏడు గ్రంథాలయం జాబితా ఆన్‌లైన్లో పెడతామంటున్నాం. ప్రతిసారీ టికెట్టు, ప్రతిసారీ "డొమైన్ ఎక్కడ కొన్నారు సార్?"

నాలుగో నెలలో వాళ్ళు ఒక పని చేశారు, చెప్పుకోవాలి. పీటీఆర్ పెట్టారు. ఏం పేరు పెట్టారో తెలుసా? స్టాటిక్ అని మొదలెట్టి, మన నంబరునే గీతలతో కలిపి, చివర వాళ్ళ కంపెనీ పేరు. అంటే పేరు అడిగితే నంబరే తిప్పి చెప్పడం. ఊరూపేరూ లేనివాడికి ఆస్పత్రి రికార్డులో పెట్టే పేరులాంటిది. పోనీ అదైనా సరిగా చేశారా? ఆ పేరు నుంచి తిరిగి నంబరుకి రావడానికి ముందువైపు చీటీ రాయలేదు. ఒక కొస మాత్రమే కట్టారు. గూగుల్ మళ్ళీ 5.7.25. నేను మళ్ళీ ఫోను. "పీటీఆర్ పెట్టేశాం సార్, టికెట్ క్లోజ్ చేశాం."

ఇప్పుడు నా తప్పు కూడా ఒకటి చెప్పుకుంటాను, లేకపోతే మీరే రేపు లేచి అడుగుతారు. ప్రాక్టీసు కోసమని ఇంట్లో పాత కంప్యూటర్లో సొంత పుస్తకం ఒకటి రాసి చూశాను. పేరు చివర చుక్క పెట్టడం మర్చిపోయాను. ఈ పుస్తకాల్లో చివర చుక్క లేకపోతే, ఇది సగం పేరే అనుకుని మిగతాది అదే తగిలిస్తుంది. నా సర్వరు పేరు మెయిల్.ఎగ్జాంపుల్.ఆర్గ్.113.0.203.ఇన్-ఆడర్.ఆర్పా అని రైలంత పొడుగైంది. గంటన్నర తల గోక్కున్నాను. చుక్క పెట్టాను. అయినా రెండో సర్వరు పాత పేరే చెప్తోంది. ఎందుకంటే పుస్తకం పైన ఉండే సీరియల్ నంబరు పెంచలేదు. అది పెరిగితేనే రెండోది కొత్త నకలు తీసుకుంటుంది. సీరియల్ నంబరు మర్చిపోయిన రైల్వే క్లర్కుని ఏమనాలి? మా ఆవిడ అనాల్సింది అంది.

సరే, ఆదివారం రాబోయే ఆక్షేపణలకి వద్దాం.

మొదటిది: "వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకు?" వాట్సాప్ నాకూ ఇష్టమే, పొద్దున్నే మీరంతా పంపే పూల బొమ్మలు చూస్తూనే లేస్తాను. కానీ సర్వసభ్య సమావేశం నోటీసు, ఆడిటు లెక్కలు, చదువు సాయం దరఖాస్తు ఆ పూల మధ్య పెడితే ఏమవుతుందో ఆలోచించండి. గ్రూపులో లేనివాళ్ళ మాటేమిటి? ఫోను మార్చితే పాత నోటీసు ఎక్కడ? సొసైటీ రిజిస్ట్రారు నోటీసు ఎప్పుడు పంపారని అడిగితే ఎవరి ఫోను తీసుకెళ్ళి చూపిస్తారు? మన సర్వరులో ఏ ఉత్తరం ఎవరికి ఏ నిమిషంలో పోయిందో, ఎవరు తిప్పి పంపారో ఉంటుంది. ఆ లాగు ఉంది కాబట్టే ఆ పిల్ల తండ్రికి తరవాత కాగితం తీసి చూపించగలిగాను.

రెండోది: "ఏదైనా పెద్ద కంపెనీ మెయిల్ సేవ తీసుకుంటే పోలా?" ఇది గట్టి ప్రశ్న, ఎగతాళి చెయ్యను. చిన్న సంస్థ సొంత మెయిల్ నడపడం శ్రమే. పీటీఆర్ ఒక్కటి పెడితే అన్నీ తీరిపోవు, ఎస్‌పీఎఫ్ అని, డీకిమ్ అని ఇంకా సంతకాలున్నాయి. అవి మన చేతిలో పనే కాబట్టి ఎప్పుడో పెట్టేశాం. మనకోసం ఉత్తరాలు బయటికి మోసే సేవలూ ఉన్నాయి, వాటి నంబర్లకి పేర్లు వాళ్ళే చూసుకుంటారు. నేను ఉన్నా లేకపోయినా నడవాలంటే అదే మేలు అని సభ అనుకుంటే నేను అడ్డం పడను. అలా తీర్మానం చెయ్యండి, చెయ్యెత్తుతాను. కానీ "సర్వరు పాడైంది" అని రాసి చెయ్యొద్దు. నాలుగు నెలలు డబ్బు తీసుకుని పది లైన్లు రాయనివాణ్ణి ఒక్క మాట అనకుండా, అతని బిల్లు చివరి పైసా దాకా కట్టేసి, తప్పు మన యంత్రం మీద వేసుకుని వెళ్ళిపోవడం నాకు మింగుడుపడదు. మనలాంటి చిన్నవాళ్ళంతా ఇలాగే లేచిపోతే, చివరికి ఎవరి ఉత్తరం ఎవరికి చేరాలో నాలుగైదు కంపెనీలు తేల్చే రోజు వస్తుంది. అందులో సగం వచ్చేసింది.

మూడోది, ఇది నా చెవిన పడేలా అన్నదే: "రిటైరైనాయనకి పొద్దుపోక చేసే పని." పొద్దుపోకే అనుకోండి. పొద్దున్న కూరగాయలు, సాయంత్రం మనవరాలి లెక్కలు, మధ్యలో ఇది. పని ఉన్నవాళ్ళు చెయ్యనప్పుడు పని లేనివాళ్ళేగా చెయ్యాలి?

నాలుగోది మేనల్లుడి స్నేహితుడు అన్నాడు: "కొత్త రకం నంబర్లు, ఐపీవీ6, వచ్చాక ఈ గొడవ ఉండదు అంకుల్." నిజమే, అక్కడ నంబరులో ప్రతి అంకె దగ్గరా పుస్తకం విడగొట్టొచ్చు, చిన్న కట్ట అనే పేదరికమే లేదు. పాత నంబర్లు ఏనాడో అయిపోయాయి కూడా. 2011 ఫిబ్రవరిలో మొత్తం ప్రపంచానికి ఉన్న చివరి కట్టలు పంచేశారు, ఆ ఏప్రిల్‌కల్లా ఏప్‌నిక్ దగ్గర చివరి కట్టే మిగిలింది. అందుకే మనలాంటివాళ్ళకి ఎనిమిదీ పదహారూ చొప్పున తూచి ఇస్తున్నారు, అందుకే ఈ ఒకే పేజీ కాపురం. కానీ కొత్త నంబర్లలో కూడా పైవాడు కిందివాడికి పుస్తకం అప్పజెప్పాలి కదా బాబూ? అప్పజెప్పే బుద్ధి లేనివాడికి అంకెలు పెంచితే బుద్ధి పెరుగుతుందా?

నేను కోరేది మూడే సంగతులు. ఆ తీర్మానంలోంచి "సర్వరు పాతబడి" అన్న వాక్యం తీసెయ్యండి. రెండో సంగతి, ప్రొవైడరుకి సంఘం లెటర్‌హెడ్ మీద అధ్యక్షుల సంతకంతో ఉత్తరం పోవాలి, నా సొంత ఫోను నుంచి నేను బతిమాలడం చాలు. ముసాయిదా రాసి ఉంచాను: పదిహేను పనిదినాల్లో 203.0.113.42 లాంటి మన నంబరుకి మనం చెప్పిన పేరు పెట్టాలి, లేదా 2317 పద్ధతిలో పుస్తకం మనకి అప్పజెప్పాలి. రెండిట్లో ఏదీ చెయ్యకపోతే ఒప్పందం పొడిగించం. మూడోది, ఈ ఒప్పందమైనా, ఇంకొకరితో కొత్త ఒప్పందమైనా, సంతకం పెట్టేముందు ఆ షరతు అందులో ఒక లైనుగా ఉండాలి. మన ఒప్పందం పదకొండు పేజీలు. స్పీడు గురించి ఉంది, జరిమానా గురించి ఉంది, మనం బిల్లు కట్టకపోతే ఏం చేస్తారో రెండు పేజీలుంది. పేరు గురించి ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి ఎవర్నీ వేలెత్తి చూపడం లేదు.

మీలో చాలామంది అపార్టుమెంటు సంఘాల్లో, బళ్ళల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో ఇలాంటి లైన్లకి డబ్బు కడుతున్నారు. ఇంట్లో పిల్లల్ని పిలిచి, మీ నంబరు పెట్టి 'డిగ్ -ఎక్స్' కొట్టించి చూడండి. వచ్చిన పేరు మీది కాకపోతే నాకు ఫోను చెయ్యండి. సాయంత్రం ఆరు తరవాత, అప్పటికి మనవరాలి లెక్కలు అయిపోతాయి.

ఆ పిల్లకి సంఘం తరఫున గడువు దాటాక కూడా సాయం ఇవ్వడానికి కార్యవర్గం ఒప్పుకుంది, దానికి మాత్రం వాళ్ళకి మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. ఆ సంగతి ఆయనకి మెయిల్లో పంపాం. అది కూడా తిరిగొచ్చింది. బైయ్యప్పనహళ్ళి దాకా బస్సెక్కి వెళ్ళి కాగితం చేతికిచ్చి వచ్చాను.

ఆదివారం పదిన్నరకి సమావేశం. లాగు ప్రింటు తీసి తెస్తాను, నలభై రెండు పేజీలైంది. కళ్ళజోళ్ళు తెచ్చుకోండి.